ఎల్లోస్టోన్ ఆర్వీ ట్రిప్‌కి పట్టుకెళ్ళిన తిండి సామాన్లు: ఏవి పనికొచ్చాయి, ఏవి ఊరికే బరువు

ఆర్వీ (లోపలే వంటకీ పడకకీ ఏర్పాటున్న పెద్ద బండి) అద్దెకి తీసుకుని అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకునే మనవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది తిండి సంగతి ఏం చేశారనే, అందుకే మేం పట్టుకెళ్ళినవాటిల్లో ఏది ఎలా ఉందో ఇక్కడ రాసేస్తున్నా. నా లెక్కలో ఫస్ట్ ప్లేస్ అటుకులది, తర్వాత పులిహోర పేస్ట్, రెడీ టు ఈట్ ప్యాకెట్లు ఆ తర్వాతే. చాలామంది ఎన్నాళ్ళు నిలవుంటుంది అన్నదొక్కటే చూసి కొంటారు గానీ ఆర్వీలో అసలు కరువు నీళ్ళకీ కరెంటుకీ అండి, నెలల తరబడి నిలవుండే సరుకైనా సరే కడగటానికి, వండటానికి, గిన్నెలు తోమటానికి బకెట్ నీళ్ళు తాగేస్తే దాంతో అక్కడ పెద్ద ఉపయోగం లేదు.

మా రూట్ చెప్తా, దాన్నిబట్టి మీకే అర్థమవుతుంది. సాల్ట్ లేక్ సిటీ దాకా ఫ్లైట్, అక్కడ ఆర్వీ తీసుకుని ఐ-15 మీద ఐడహో ఫాల్స్, అక్కణ్ణించి యూఎస్-20 పట్టుకుని వెస్ట్ ఎల్లోస్టోన్. పొడులు, పచ్చళ్ళు ఇంటి నుంచే చెకిన్ బ్యాగుల్లో వేసుకొచ్చాం, బియ్యం, అటుకులు, ప్యాకెట్లు సాల్ట్ లేక్ సిటీలో ఇండియన్ స్టోర్‌లో కొన్నాం. అది దాటాక మన సరుకులు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. పార్కు మొత్తంలో హుక్అప్స్, అంటే బండికి కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కదాంట్లోనే, అది నెలల ముందే అయిపోతుంది. మాకు దొరికింది మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్, అక్కడ కరెంటు లేదు, నీళ్ళ కనెక్షన్ లేదు, జనరేటర్ పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకే వేసుకోవాలి. హేడెన్ వ్యాలీలో బైసన్లు (అడవి దున్నల్లాంటివి), ఎలుగుబంట్లు కనపడాలంటే తెల్లారకముందే బయల్దేరాలి, ఆ టైముకి మైక్రోవేవ్ ఉన్నా లేనట్టే, ఎందుకంటే హుక్అపో జనరేటరో లేకుండా అది పనిచెయ్యదు. పైగా చాలా రెంటల్స్‌లో జనరేటర్ గంటలకి విడిగా చార్జ్ చేస్తారు. కాబట్టి మీ తిండంతా ఆర్వీలో ఉండే ప్రొపేన్ గ్యాస్ స్టవ్ మీద అయ్యేదో, అసలు స్టవ్ అక్కర్లేనిదో అయ్యుండాలి.

అటుకుల దగ్గరికి వద్దాం. మందం అటుకులు తీసుకోండి, పల్చటివి ముద్దయిపోతాయి. జల్లెడ బుట్టలో వేసి నీళ్ళు చిలకరించి పది నిమిషాలు పక్కన పెడితే చాలు, అందులో పులిహోర పేస్ట్ రెండు స్పూన్లు, వేయించిన పల్లీలు గుప్పెడు కలిపేస్తే అటుకుల పులిహోర రెడీ. స్టవ్ వెలిగించలేదు, మురికైంది ఒక్క గిన్నె. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్, అంటే భూమిలోంచి వేడినీళ్ళు పైకి చిమ్మే బుగ్గ, దాని కోసం కూర్చున్నప్పుడు డబ్బాలో పెట్టుకెళ్ళి అందరం అదే తిన్నాం, డబ్బాలో ఉన్నా రుచి తగ్గలేదు. పిల్లలకి పాలు, బెల్లం పొడి వేసి అవే అటుకులు. అదే బియ్యమైతే రెండు మూడుసార్లు కడగాలి, ఆ నీళ్ళన్నీ గ్రే ట్యాంక్‌లోకి (వాడిన నీళ్ళు చేరే ట్యాంక్) పోయి అది తొందరగా నిండుతుంది, నిండితే దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కి మళ్ళీ బండి తియ్యాలి.

పులిహోర పేస్ట్ మటుకు ఇంట్లో చేసుకెళ్ళమనే చెప్తా. చింతపండు గుజ్జు, నూనె, పసుపు, ఉప్పు, ఎండుమిర్చి, ఇంగువ, పోపు అన్నీ వేసి నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికించాలి, నీటి తడి మిగిలిందంటే నిలవుండదు. మా అత్తమ్మ చేసిచ్చింది, ఫ్రిడ్జ్‌లో పెట్టకుండానే ట్రిప్ అంతా వచ్చింది, వాసన కూడా మారలేదు. టైమ్ లేనివాళ్ళు బజార్లో దొరికే సీసా తీసుకోవచ్చు గానీ చాలావాటిల్లో పులుపు కంటే ఉప్పే ముందు తగులుతుంది, కొంచెం కొంచెంగా కలిపి చూసుకోండి.

ఇక రెడీ టు ఈట్ పౌచ్‌లు, అంటే ఎంటీఆర్, హల్దీరామ్స్, టేస్టీ బైట్ లాంటివి. వీటిని చాలామంది ప్రిజర్వేటివ్స్ తిండి అని పక్కన పెడతారు, నిజానికి ఇవి నిలవుండేది ప్రిజర్వేటివ్స్ వల్ల కాదు. పౌచ్ సీల్ చేశాక ప్రెషర్‌లో సుమారు 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు, లోపల సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, బయటి గాలి లోపలికి పోదు, అంతే. మన దేశంలో ఈ పద్ధతి మీద పనిచేసింది మైసూరులోని డిఫెన్స్ ఫుడ్ రీసెర్చ్ లాబొరేటరీ, 1961లో పెట్టారు దాన్ని, సైనికులకి ఎక్కడికెళ్ళినా మన భోజనం అందాలని. కొండల్లో వంట కుదరని జవాన్ల కోసం ఆలోచించిన తిండి కాబట్టే ఆర్వీకి ఇంత బాగా సరిపోయింది అనిపించింది నాకు. ఎంటీఆర్ బిసిబేళెబాత్ మా అందరికీ నచ్చింది, పైన కాస్త నెయ్యి, పక్కన అప్పడాలు ఉంటే ఇంకేం అక్కర్లేదు. టేస్టీ బైట్ మద్రాస్ లెంటిల్స్ కాస్ట్కో స్టోర్‌లో మల్టీప్యాక్ వస్తుంది, టోర్టిల్లాల్లోకి (చపాతీల్లాంటి మెక్సికన్ రొట్టెలు) బాగుంది. కానీ ఏ బ్రాండ్ అయినా రోజూ రెండు పూటలా ఇవే తింటే ఉప్పు ఎక్కువైపోతుంది, దాహం, కడుపు బరువు. రోజుకి ఒక్క పూటకి మించి వద్దు. బీపీ ఉన్న పెద్దవాళ్ళు కూడా వస్తుంటే ప్యాకెట్ వెనక సోడియం ఎంతో చూసి కొనండి.

వీటితో ఇంకో లాభం ఉంది, పౌచ్‌ని అలాగే మరిగే నీళ్ళల్లో ఐదు నిమిషాలు పెడితే చాలు, మైక్రోవేవ్ అక్కర్లేదు. ఆ వేడి నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే ప్లేట్లు కడుక్కునేవాళ్ళం. కొనేటప్పుడు, బయల్దేరేముందు ఒక్కో పౌచ్ చేత్తో నొక్కి చూడండి, ఉబ్బి ఉన్నా అంచులు కారుతున్నా తినకుండా పారెయ్యండి, ఆ విషయంలో పిసినారితనం వద్దు. జంతికలు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఎత్తుకి వెళ్ళేకొద్దీ బెలూన్లలా ఉబ్బుతాయి, అది బయట గాలి ఒత్తిడి తగ్గటం వల్ల, వాటికి భయం లేదు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది, కందిపప్పు. ఫిషింగ్ బ్రిడ్జ్ దాదాపు 7,800 అడుగుల ఎత్తులో ఉంటుంది, అక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది, ఈలోపు ప్రొపేన్ ఖర్చు. పప్పు కావాలంటే విజిల్ కుక్కర్ చిన్నది ఒకటి తీసుకెళ్ళండి, లేదంటే పెసరపప్పు. కరెంటు కుక్కర్లు ఇంట్లోనే వదిలెయ్యండి. మాకు పప్పు తినాలనిపించినప్పుడు కందిపొడి, నెయ్యితోనే సరిపెట్టుకున్నాం, నిజం చెప్పాలంటే ఆ చలిలో వేడి అన్నంలో కందిపొడి కలుపుకుంటే అంతకంటే ఏం కావాలి. నువ్వుల పొడి, కరివేపాకు పొడి కూడా బాగా పనికొచ్చాయి, బరువు తక్కువ, ఫ్రిడ్జ్ అక్కర్లేదు, టోర్టిల్లాకి నెయ్యి రాసి పొడి చల్లి చుట్టిస్తే పిల్లలు మారు మాట్లాడకుండా తినేశారు.

టోర్టిల్లాలు చపాతీలు కావు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఫ్రోజెన్ పరాటాలకి ఫ్రీజర్ ప్లేస్ కావాలి, ఆర్వీ ఫ్రీజర్ చిన్నది, అందులో ఐస్, పాల ప్యాకెట్లే పడతాయి. టోర్టిల్లాలు సీల్ తియ్యకుండా బయటే ఉంటాయి, పెనం మీద రెండు వైపులా కాలిస్తే ఆ పిండి వాసన పోతుంది.

ఉప్మా రవ్వ ఇంట్లోనే పోపు, జీడిపప్పు, ఎండిన కరివేపాకుతో వేయించి జిప్‌లాక్ కవర్లలో ఒక్కో పూటకి సరిపడా కొలిచి పెట్టుకుంటే వేడి నీళ్ళల్లో పోసి కలపటమే పని. వేడి నీళ్ళు పోసుకునే కప్పు ఉప్మాలు కూడా కొన్నాం, కంపెనీ పేరు ఎందుకులెండి, ఎంతసేపు మూతపెట్టినా రవ్వ నానలేదు, పిల్లలు సగంలో వదిలేశారు. ఖర్చు ఎక్కువ, చెత్త ఎక్కువ, నేనైతే మళ్ళీ కొనను.

పాలకి రెండు దారులు, బాగా వేడిచేసి అట్టపెట్టెల్లో సీల్ చేసిన యూహెచ్‌టీ పాలు, లేదా పాలపొడి. టీకి యూహెచ్‌టీ పాలే బాగున్నాయి, సీల్ తీసేదాకా బయటే పెట్టుకోవచ్చు, తీశాక మాత్రం ఫ్రిడ్జ్‌లో పెట్టాల్సిందే. చిన్న పెట్టెలే కొనండి, పూటకొకటి తెరిస్తే మిగలదు. పాలపొడి వేడి నీళ్ళల్లో కలిపి గోరువెచ్చగా అయ్యాక తోడేస్తే పెరుగు తోడుకుంది, రాత్రిళ్ళు చలి కాబట్టి గిన్నెకి దుప్పటి చుట్టి పెట్టాం. పెరుగు లేకపోతే భోజనం పూర్తికాదు అనేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం.

ఆవకాయ సంగతి. గాజు సీసా వద్దు, రోడ్డు కుదుపులకి అల్మరా తలుపు తెరుచుకుని కింద పడితే ఆ ఎర్ర నూనె కార్పెట్‌కి అంటి డిపాజిట్ మీదకొస్తుంది. గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, ముక్కల మీద నూనె తేలేలా చూసి, దాన్ని మళ్ళీ ఒక కవర్లో పెట్టండి. గోంగూర కంటే ఆవకాయ, మాగాయే మేలు.

కూరగాయల్లో క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, ఉల్లి, మన పసుప్పచ్చ దోసకాయ, ఇవి నిలిచాయి. బంగాళాదుంపలు దార్లో ఐడహోలోనే కొనుక్కోండి, అక్కడ పండేదే అది. వంకాయ, బెండకాయ, టమాటా మొదటి రెండు రోజుల్లో వండేసుకునేట్టయితేనే కొనండి. డబ్బా శనగలు, అలసందలు ఉడికే వస్తాయి కాబట్టి నానబెట్టే నీళ్ళు కూడా మిగులుతాయి, పోపేసి గుగ్గిళ్ళు చేస్తే సాయంత్రానికి సరిపోతుంది.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి, అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి తిండి, ఖాళీ పౌచ్‌లు, కడగని గిన్నెలు ఏవీ బయట బల్ల మీద వదలకూడదు, రేంజర్లు (పార్కు సిబ్బంది) వచ్చి చూస్తారు కూడా. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో గట్టి గోడలున్న ఆర్వీలనే రానిచ్చేది కూడా అందుకే. మసాలా అంటిన పౌచ్‌లు జిప్‌లాక్‌లో కట్టేసి, ఎలుగుబంటి తెరవలేని చెత్తడబ్బాలు ఉంటాయి, వాటిల్లోనే వెయ్యండి. ఆ జిప్‌లాక్‌లు మీరు అనుకున్నదానికి రెట్టింపు పట్టుకెళ్ళండి.