బందరు తొక్కుడు లడ్డు: కొనేముందు విరిచి చూడండి

బందరు లడ్డు అని రాసి అమ్మేదంతా తొక్కుడు లడ్డు కాదు. విజయవాడ బస్టాండులోనూ హైవే పక్క దుకాణాల్లోనూ ఆ పేరుతో దొరికేవాటిలో చాలావరకు మామూలు శనగపిండి లడ్డులే. వేయించిన పిండిలో తీపి కలిపి ఉండ చుట్టినవి. బందరు, అంటే మచిలీపట్నం వెళ్లినా సరే, "తొక్కుడు లడ్డు ఉందా" అనే అడగాలి. తొక్కుపచ్చడిలో ఉన్న తొక్కే ఇదీ. రోట్లో వేసి రోకలితో దంచడం. ఈ లడ్డు రుచి, ధర, నిలవ అన్నీ ఆ పోటు మీదే ఆధారపడి ఉంటాయి.

పని ఇలా సాగుతుంది. శనగపిండిని ఉప్పూకారం లేకుండా నీళ్లతో జంతికల పిండిలా కలిపి, గిద్దల్లో పెట్టి, కాగిన నూనెలోకో నేతిలోకో పూసలా ఒత్తుతారు. పూస కరకరలాడాలి గానీ ఎర్రబడకూడదు. ఎర్రబడిందా, తర్వాత ఎంత నెయ్యి పోసినా చేదు జీర పోదు. తొందరపడి ముందే తీస్తే లోపల తడి ఉండిపోతుంది. అప్పుడు పచ్చి వాసన వస్తుంది, త్వరగా బూజూ పడుతుంది. చల్లారిన పూసను దంచి, సన్న జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వను మళ్లీ దంచుతారు. ఇంకో పొయ్యి మీద బెల్లం కరిగించి, ఇసుకా నలకలూ పోయేలా వడకట్టి, లేత తీగపాకం పడతారు. పాకంలో పొడి కలిపితే ముద్ద తయారు. ఇళ్లలో అయితే ఇక్కడే ఉండలు చుట్టేస్తారు.

తొక్కుడు మొదలయ్యేది ఇక్కడే. ఆ ముద్దను రోట్లో వేసి, పొడవాటి రోకళ్లతో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పోటు వేస్తారు. మధ్యమధ్య గరిటెతో నెయ్యి పోస్తూ, అంచులకు పాకినదాన్ని నడుమకి తోస్తూ ఉంటారు. మొదట ముద్ద పొడిపొడిగా చెదురుతుంది. దంచేకొద్దీ బిగుస్తుంది, ఇంకా దంచితే మెత్తబడి నిగనిగలాడుతూ రోకలిని వదలడం మొదలుపెడుతుంది. వేలితో నలిపితే పలుకు తగలకుండా జారిందంటే తొక్కుడు పూర్తయినట్టు. ఏలకుల పొడి, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు వేసి చుట్టడం ఆ తర్వాతే. మిక్సీలో ఇది కుదరదు. బ్లేడు పిండిని కోస్తుంది తప్ప నేతిని పిండిలోకి కూరదు. అలా చేసినవాటిలో నెయ్యి మర్నాటికే డబ్బా అడుగుకు దిగుతుంది, ఉండ పైన ఎండిపోతుంది. మరపట్టిన సరుకు చవకగా రావడానికీ, నాలుగు రోజులకే రుచి తప్పడానికీ కారణం ఇదే.

ఇంట్లో చేసి చూడాలంటే కిలో శనగపిండికి కిలో బెల్లం, అరకిలో నెయ్యి, వంద గ్రాముల జీడిపప్పు, పది గ్రాముల ఏలకులు తీసుకోండి. ఎక్కువమందికి చెడేది పాకం దగ్గర. తీగ ముదిరితే ఉండలు రాయిలా తయారవుతాయి. పాకం రాకముందే దింపితే చేతికి అంటుకుంటూ ఉండ నిలవదు.

ఈ వంటను బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీ కుటుంబాలు తెచ్చాయని ఊళ్లో చెప్పుకుంటారు. బందరు పేటల పేర్లు తెలిసినవాళ్లకు ఆ మాట వింతగా ఉండదు. వలందపాలెం వలందులది, అంటే డచ్చివాళ్లది. పరాసుపేట పరాసులది, అంటే ఫ్రెంచివాళ్లది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. గోల్కొండ సుల్తానులకు ఇది పెద్ద రేవు. ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ 1611లోనే దిగింది. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. రేవు ఆ తర్వాత పూర్వవైభవానికి రాలేదు. కానీ ఊరు చేతిపనులు వదల్లేదు. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు, బందరులో రోకటి పోటు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కలిసిన ఊళ్లో ఒక మిఠాయి ఇంత కచ్చితంగా నిలబడడం చూస్తే ముచ్చటేస్తుంది. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుందే గానీ, మీ చేతిలో ఉన్న డబ్బాలో ఏ నెయ్యి పోశారో చెప్పదు. ఆ పరీక్ష మనమే చేసుకోవాలి.

దుకాణంలో ఒక్క లడ్డు అడిగి తీసుకుని విరవండి. మంచిదైతే మెత్తగా, శబ్దం లేకుండా విడుతుంది, విరిగినచోట సన్నగా ఒకే తీరుగా కనిపిస్తుంది. రవ్వలా రాలితే తొక్కుడు తక్కువ. వేలికి సాగుతూ అంటుకుంటే పాకం లేత. రంగు బెల్లం రంగులో ఉండాలి. నిమ్మపండులా పచ్చగా మెరుస్తుంటే అది పంచదార పాకమో, కలిపిన రంగో. తర్వాత చిన్న ముక్క నాలుక మీద పెట్టి నమలకుండా ఉంచండి. నెయ్యి అయితే కరిగి పోతుంది, డాల్డా అయితే అంగిలికి మైనంలా పట్టుకుని మంచినీళ్లు తాగినా వదలదు. రుచి చూడనివ్వని చోట కొనకండి. పావుకిలో కూడా వద్దు.

తయారీ తేదీ అడగడం మరవద్దు. నేతితో చేసిన తొక్కుడు లడ్డు తడి తగలకుండా మూత గట్టి స్టీలు డబ్బాలో రెండు మూడు వారాలు బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి. నెయ్యి గడ్డకట్టి రుచి మూసుకుపోతుంది, బయటికి తీసినప్పుడు చెమ్మ పడుతుంది. చలికాలంలో పైన తెల్లగా కనిపించేది పేరుకున్న నెయ్యి, బూజు కాదు. వేలితో రుద్దితే కరుగుతుంది. గట్టిపడితే గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల మీద రెండు నిమిషాలు ఉంచితే చాలు. విమానంలో పిల్లలకు పంపేవాళ్లు అట్టపెట్టెను నమ్ముకోవద్దు. ఎండకు నెయ్యి ఊరి బట్టలకు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో బటర్ పేపరు పరిచి, ఖాళీ లేకుండా సర్ది, పైన ఇంకో కవరు వేయండి. ఏప్రిల్, మే నెలల్లో లడ్డులు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి వరస వరసకీ మధ్య కాగితం వేయమని దుకాణంలోనే అడగండి.

బందరు హల్వా కూడా పక్కనే ఉంటుంది. నానబెట్టిన గోధుమలు రుబ్బి తీసిన పాలతో, బెల్లం, నెయ్యి వేసి దగ్గరపడేదాకా తిప్పుతారు. నల్లగా, జిగురుగా, నేతితో మెరుస్తూ ఉంటుంది. బాగుంటుంది, పావుకిలో చాలు. రెండిట్లో ఒకటే కొనాలంటే మాత్రం లడ్డే.

విజయవాడ నుంచి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. గుడివాడ మీదుగా రైలుంది, బస్సులు తెల్లవారుజాము నుంచే. పొద్దున్నే వెళితే మంగినపూడి సముద్రం చూసుకుని తిరుగుదారిలో కొనుక్కోండి. ముందే కొని ఎండలో కారులో వదిలేస్తే ఎంత మంచి లడ్డయినా సాయంత్రానికి ముద్దయిపోతుంది.