కత్తిరి ఎండల్లో తిరుపతి, 90 డిగ్రీల సానా

మే నెలలో కొండకు నడిచి వెళ్ళాలని తమ్ముడి మొక్కు. ముందు రోజు రాత్రే చిత్తూరు నుంచి వచ్చి తిరుపతిలో దిగాం. ఎప్పుడూ రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో ఉంటాం. ఈసారి గది దొరక్క ఒక ప్రైవేటు హోటల్ తీసుకున్నాం. ఏసీ బాగా పనిచేసింది, టిఫిన్ బాగుంది. సానా (చెమట పట్టించుకోవడానికి కాగే రాళ్ళతో వేడెక్కించే చెక్క గది), స్టీమ్ (ఆవిరి గది) కూడా గది అద్దెలోనే అన్నారు.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. చీకటితోనే బయల్దేరాం కాబట్టి గాలిగోపురం దాకా హాయిగా ఉంది. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది, తమ్ముడి చొక్కా పిండితే నీళ్ళు కారేలా తయారైంది. దర్శనం అయ్యాక మాడవీధుల్లో తెల్ల రంగు పూసిన చోట కాలు నిలిచింది, అది దాటితే అరికాళ్ళు చుర్రుమన్నాయి. మళ్ళీ వేసవిలో నడవాల్సి వస్తే శ్రీవారిమెట్టు నుంచే నడుస్తాను. అటు 2,388 మెట్లే.

మధ్యాహ్నం బస్సులో దిగి హోటల్‌కి రాగానే, కాళ్ళ నొప్పులు తగ్గుతాయని తమ్ముడు నేరుగా సానాలోకి వెళ్ళాడు. నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. థర్మామీటర్ 90 చూపిస్తోంది. బీపీ ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని అడిగేవాళ్ళు లేరు. లోపల గడియారం లేదు. ఎవరెక్కువ సేపు ఉంటారో చూద్దామని ఇంకొకాయనతో పందెం వేసుకుని పై బల్ల మీద కూర్చున్నాడట. వేడి ఎక్కువగా ఉండేది అక్కడే. బయటికొచ్చి గోడ పట్టుకుని, "అక్కా, కళ్ళు తిరుగుతా ఉండాయి" అన్నాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి, పిక్కలు గట్టిగా బిగుసుకుపోయాయి.

వెంటనే చల్లని చోట పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాను. మెడకు, చంకల్లో తడి తువ్వాళ్ళు చుట్టాను. తేరుకున్నాక ఉప్పేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా పట్టించాను. అరగంటకు కోలుకున్నాడు. మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అది వడదెబ్బే కావచ్చు. ఇక ఇంటి వైద్యం కాదు, ఒళ్ళు చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయాలి.

సానాలో గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరుతుంది. 80, 90 డిగ్రీలు కాసేపైనా తట్టుకోగలిగేది అందుకే. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే తేమ పెరిగి అదే వేడి ఒక్కసారిగా మీద పడుతుంది. స్టీమ్ గది 45 డిగ్రీలే కదా అని ధీమా వద్దు, అక్కడ చెమట ఆరదు. కొత్తవాళ్ళు కింది బల్ల మీద ఎనిమిది, పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఎండలో తిరిగొచ్చిన రోజు, మద్యం తాగిన రోజు అసలే వద్దు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వెళ్ళకూడదు. సానా పుట్టిల్లు ఫిన్లాండ్‌లోనే 2010లో 110 డిగ్రీల వేడిలో ఎవరెక్కువ సేపు కూర్చుంటారో అని జరిగిన పోటీలో ఫైనల్‌కి వచ్చిన మనిషి ప్రాణం పోయింది. ఆ పోటీలే ఆగిపోయాయి.

గదికి, భోజనానికి ఆ హోటల్‌కి మంచి మార్కులే ఇస్తాను. సానాకి మాత్రం ఇవ్వలేను. ఖాళీ చేసేటప్పుడు లోపల గడియారం, బయట మంచినీళ్ళు, తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టమని కాగితం మీద రాసి మేనేజర్ చేతికిచ్చి వచ్చాను.