కోరమీను గద్దను చూడాలంటే తేలినీలాపురం కాదు, కళింగపట్నం

శ్రీకాకుళం వైపు పక్షుల కోసం వచ్చేవాళ్లంతా ముందు తేలినీలాపురమే వెళ్తారు. ఎర్రకాళ్ల కొంగలకీ గూడబాతులకీ అది గొప్ప చోటు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఊళ్లో చెట్ల మీద అవే. చేపల్ని వేటాడే కోరమీను గద్ద (ఆస్ప్రే) సంగతి వేరు. అది ఉత్తరాది చలిదేశాల్లో గూడు పెట్టుకుని, చలికాలం గడపడానికే ఇటు వస్తుంది. దానికి కావలసింది తేటనీరు, పైపైన తిరిగే చేపలు, కూర్చోడానికో మోడు.

అందుకే వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికే మా ఓటు. వరదనీరు బురదగా ఉన్నన్నాళ్లూ పైనుంచి చేప కనబడదు. నీరు తేరుకున్నాక, డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి. పది నుంచి నలభై మీటర్ల ఎత్తున తిరుగుతూ, గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచిందంటే కెమెరా సిద్ధం చేసుకోండి. కాళ్లు ముందుకు చాచి దూకుతుంది. మీటరుకు మించి లోతుకు దిగడం దానివల్ల కాదు. బయటివేలు వెనక్కి తిరగడంవల్ల రెండు వేళ్లు ముందు, రెండు వెనక పడి చేపను బిగిస్తాయి. అరికాలి గరుకు ముళ్లు జారనివ్వవు. పైకి లేచాక చేప తలను ముందుకు తిప్పి పట్టుకుంటుంది, గాలి అడ్డు తగ్గడానికి. చాలాసార్లు ఉత్తి కాళ్లతోనే లేస్తుంది, ఓపిక పట్టాలి. తినేటప్పుడు దగ్గరికి పోకండి, ఎగిరిపోతుంది. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు.

ఎర్రటి ఒంటికి తెల్లటి తల ఉంటే అది గరుడపక్షి. కోరమీను గద్దకి కడుపు తెలుపు, కంటి మీదుగా నల్లచార.

బసకు శ్రీకాకుళం పట్నమే మేలు. రైలు దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో. తెల్లారేసరికి ఏటి ఒడ్డున ఉండాలి కాబట్టి బస్సును నమ్ముకోకుండా ముందురోజే ఆటో మాట్లాడుకోండి. రానుపోను కిరాయితో పాటు ఆగే గంటలకెంతో అప్పుడే తేల్చుకోవాలి. లేకపోతే వేట మొదలయ్యే వేళకి డ్రైవరు తొందరపెడతాడు. పడవ అక్కర్లేదు. ఏరు కడలిలో కలిసేచోట అలలూ ప్రవాహమూ ఎదురుపడి పడవ అదుపు తప్పుతుంది, పైగా ఇంజను చప్పుడుకి పక్షి దూరమవుతుంది.

విజయనగరం వైపు గోస్తని మీది తాటిపూడి జలాశయం చూడచక్కనిది, ఆదివారం మాత్రం వద్దు. పిక్నిక్ జనం, పడవల సందడిలో గద్ద కనబడినా నిలవదు. వారం మధ్యలో, బోటింగ్ మొదలవక ముందే ఒడ్డు చేరితే సరి.