జాగ్రత్త: డీబగ్ లాగ్‌కి టెస్టులు లేని బోర్డు కొనేముందు ఇది చదవండి

ఎంబెడెడ్ బోర్డుతో (పరికరాల్లో అమర్చే చిన్న కంప్యూటర్ బోర్డు) పాటు కంపెనీ ఇచ్చే లైనక్స్ కెర్నల్ (సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే కీలక భాగం) కూడా తీసుకోబోతున్నవాళ్ల కోసం ఈ పోస్టు. కొనేముందు అందరం ప్రాసెసర్ స్పీడు చూస్తాం, ర్యామ్ చూస్తాం, ఎన్నేళ్లు సపోర్ట్ ఇస్తారో అడుగుతాం. మేమూ అవన్నీ అడిగాం. కెర్నల్ డీబగ్ అవుట్‌పుట్‌లో, అంటే తప్పులు వెతకడానికి కెర్నల్ రాసే లాగ్‌లో, మీరు సొంతంగా చేర్చినవాటికి టెస్టులు రాశారా అని మాత్రం అడగలేదు. అడగకపోవడం వల్ల ముగ్గురం మూడు వారాల పాటు లేని తప్పు కోసం వెతికాం.

మేం కొన్నది 8 జీబీ ర్యామ్ ఉన్న కెమెరా బోర్డు. కొన్ని గంటలు బాగానే నడిచి, ఉన్నట్టుండి వీడియో ఆగిపోయేది, కాసేపటికి సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయేది. మొదట్లో పెద్దగా కంగారు పడలేదు. ఎందుకంటే ఆ బోర్డు ఎంచుకోవడానికి ఒక కారణమే దాని డీబగ్ లాగ్. కెమెరా బఫర్ (ఫోటోలు దాచే మెమరీ భాగం) ఎక్కడుంది, ఎంత సైజు, ఏ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) చేతిలో ఉంది అన్నీ ఒకే లైన్‌లో చూపిస్తుందని కంపెనీ గొప్పగా చెప్పింది. నిజంగానే చూడ్డానికి చక్కగా ఉండేది. కెర్నల్ లాగ్ రాయడానికి వాడే మామూలు ప్రింట్‌కెలో పర్సెంట్ పి (%p) తర్వాత ఒక్కో అక్షరం పెట్టి ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్, ఫంక్షన్ పేరు లాంటివి రాయిస్తారు కదా, అదే పద్ధతిలో వీళ్లు తమ బఫర్ కోసం కొత్త అక్షరం ఒకటి చేర్చుకున్నారు.

లాగ్ తెరిస్తే బఫర్ మొదలు 80000000 అని, సైజు 64 ఎంబీ అని ఉంది. ఇక్కడ అడ్రస్‌లన్నీ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, ఉన్నవి. ఆ అంకె చూడగానే నాకు గుండె జారింది. మా బోర్డులో ర్యామ్ మొదలయ్యేదే 80000000 దగ్గర. కెర్నల్ లోడ్ అయ్యేది కూడా ఆ మొదట్లోనే. అంటే లాగ్ చెప్పేదాని ప్రకారం కెమెరా హార్డ్‌వేర్ నేరుగా కెర్నల్ మీదే ఫోటోలు రాస్తోంది! సిస్టమ్ హ్యాంగ్ అవ్వడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది? మేం వెంటనే నమ్మేశాం.

ఇక మొదలైంది వెతుకులాట. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కి చెప్పే ఫైలు) మెమరీ రిజర్వేషన్లు ఒక్కొక్కటీ విప్పి చూశాం, కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్ సెట్టింగులు మార్చాం, రెండు బోర్డులు మార్చి చూశాం. మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం కాసన్ (KASAN) ఆన్ చేసి రాత్రంతా నడిపినా ఏమీ పట్టుకోలేదు. హార్డ్‌వేర్ నేరుగా మెమరీలో రాస్తే కాసన్‌కి కనపడదు కాబట్టి, అదేమీ పట్టుకోకపోవడం కూడా మా అనుమానాన్నే బలపరిచింది. కస్టమర్‌కి ఇచ్చిన తేదీ దాటిపోయింది. ఆ టెన్షన్‌లో ఒకరినొకరం విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూడో వారం చివర్లో టీమ్‌లో అందరికన్నా కొత్తగా చేరిన అమ్మాయి ఒక చిన్న పని చేసింది. కంపెనీ ఇచ్చిన ప్రింట్ లైన్ కిందే, అదే అడ్రస్‌ని మామూలు కెర్నల్‌లో ఉండే ఫార్మాట్‌తో ఇంకోసారి రాయించింది. పై లైన్‌లో 80000000. కింది లైన్‌లో 180000000. ముందున్న ఒకటి పై లైన్‌లో లేదు, అంతే తేడా. బఫర్ అసలు ఉన్నది ర్యామ్ మొదలు నుంచి 4 జీబీ అవతల. అది కెర్నల్‌ని ముట్టుకోనే లేదు.

కోడ్ తీసి చూస్తే, 64 బిట్ల అడ్రస్‌ని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టి ప్రింట్ చేస్తున్నారు. పై సగం ఎగిరిపోతోంది. అదే కంపెనీ పాత మోడల్‌లో ర్యామ్ 2 జీబీ. 80000000 నుంచి 2 జీబీ అంటే సరిగ్గా 32 బిట్లలో పట్టేస్తుంది, అందుకని ఆ బోర్డు మీద ఈ లైన్ ఎప్పుడూ తప్పు చెప్పదు. ఎక్కువ ర్యామ్ ఉన్న మోడల్ కొన్న మాకే ఇది తగిలింది. అసలు సమస్య కెమెరా క్లాక్‌ని (కెమెరాని నడిపించే టైమింగ్ సిగ్నల్) డ్రైవర్ ఒకచోట ముందే ఆపేయడం. సరైన అడ్రస్ కళ్లముందు పడ్డాక దాన్ని పట్టుకోవడానికి రెండు రోజులు సరిపోయింది.

కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఎందుకు హెచ్చరించలేదని మీకు అనిపించవచ్చు. అంకె రాయాల్సిన చోట స్ట్రింగ్ ఇస్తే కంపైలర్ అరుస్తుంది. కానీ పర్సెంట్ పి తర్వాత వచ్చే అక్షరాలు కెర్నల్ సొంత ఏర్పాటు, వాటి సంగతి కంపైలర్‌కి తెలీదు. ఏదో ఒక పాయింటర్ (మెమరీ అడ్రస్ ఉంచే వేరియబుల్) ఇస్తే చాలు, ఊరుకుంటుంది. ఆ పాయింటర్ వెనక ఏముందో, దాన్ని ఎన్ని బిట్లుగా చదువుతున్నారో అడిగేవాళ్లు ఎవరూ లేరు. అందుకే కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే, ఈ ఫార్మాట్లు వివరించే పేజీ చివర్లో, కొత్తది చేర్చేవాళ్లు వీలైనంతవరకు ప్రింట్‌ఎఫ్ టెస్టు ఫైలులో టెస్టులు కూడా చేర్చమని రాసి ఉంటుంది. మా బోర్డు కంపెనీ ఫార్మాట్ చేర్చింది గానీ, టెస్టు ఫైలుని తాకనే లేదు.

తర్వాత ఆ టెస్టులు మేమే రాశాం. 4 జీబీ దాటిన అడ్రస్ ఒకటి ఇచ్చి చూడటానికి రాసింది నాలుగంటే నాలుగు లైన్లు. దాంతోనే తప్పు బయటపడింది. ఇంకో తప్పు కూడా దొరికింది, నన్ను ఎక్కువ భయపెట్టింది అది. కెర్నల్‌లో ఉన్న ప్రింట్‌ఎఫ్ టెస్టు ఒక్కో ఫార్మాట్‌ని ఒకసారి అక్షరాలు రాయడానికి పూర్తి బఫర్‌తో (ఇది కెమెరా బఫర్ కాదు), ఒకసారి కావాలని చిన్నగా చేసిన బఫర్‌తో, ఒకసారి సున్నా సైజుతో నడుపుతుంది. బఫర్ చుట్టూ ముందే డాలర్ గుర్తులు నింపి పెట్టి, పని అయ్యాక ఇచ్చిన హద్దు దాటి వాటిలో ఒక్కటైనా చెరిగిందేమో చూస్తుంది. వీళ్ల ఫార్మాట్‌తో నడిపితే చిన్న బఫర్ దగ్గరే డాలర్లు చెరిగిపోయాయి. రాసేముందు చోటు ఉందా లేదా అని ప్రతి అక్షరానికీ చూసుకోవాలి, వీళ్లు చూసుకోలేదు. అంటే లాగ్ ఆన్ చేస్తేనే పక్కవాళ్ల మెమరీ పాడయ్యే అవకాశం ఉంది. మేం డీబగ్ లెవెల్ పెంచినప్పుడల్లా హ్యాంగులు ఎక్కువైనట్టు అనిపించేది. దీనివల్లేనా అని ఇప్పుడు రుజువు చేయలేను గానీ, నా అనుమానం మాత్రం ఇదే.

సపోర్ట్‌కి రాస్తే వచ్చిన జవాబు: డీబగ్ అవుట్‌పుట్ ప్రొడక్ట్ ఫీచర్ కాదు, డెవలపర్ల సౌకర్యం కోసం ఇచ్చింది, దానికి టెస్టులు మా ప్రాసెస్‌లో లేవు. ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. మామూలు ఫీచర్‌లో తప్పుంటే లాగ్ చూసి పట్టుకుంటాం. లాగే తప్పు చెబితే దేన్ని చూసి పట్టుకోవాలి? అన్నీ పాడైనప్పుడు మన చేతిలో మిగిలేది ఆ నాలుగు లాగ్ లైన్లే.

కాబట్టి కొనేముందు వాళ్ల కెర్నల్ సోర్స్ చేతికి తీసుకోండి. సోర్స్ ఇవ్వం అంటే అక్కడితో ఆపేయండి, లైనక్స్ కెర్నల్ ఉన్నది సోర్స్ కూడా ఇవ్వాలని చెప్పే జీపీఎల్ లైసెన్స్ కింద. లిబ్ ఫోల్డర్‌లో వీఎస్‌ప్రింట్‌ఎఫ్ ఫైలు ఉంటుంది. అదే వెర్షన్ అసలు కెర్నల్‌తో దాన్ని డిఫ్ చేయండి, అంటే తేడాలు పోల్చి చూడండి. మార్పులేమీ లేకపోతే ఈ ఒక్క విషయంలో మీకు బెంగ లేదు. మార్పులుండి, ప్రింట్‌ఎఫ్ టెస్టు ఫైలు మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఉంటే మాకు పట్టిన గతే మీకూ పట్టొచ్చు. టెస్టులు ఉన్నాయని నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, మీరు కొనే మోడల్ మీదే, మీ కాన్ఫిగరేషన్‌తోనే నడిపిన అవుట్‌పుట్ అడగండి. అందులో ఎన్ని పాస్ అయ్యాయో చూసి వదిలేయకుండా ఎన్ని నడవకుండానే స్కిప్ అయ్యాయో కూడా చూడండి. కెర్నల్ 5.5 నుంచి, అంటే 2020 జనవరి నుంచి, కెర్నల్ కోడ్‌ని టెస్టు చేసే ఏర్పాటు కెయూనిట్ అసలు కెర్నల్‌లోనే ఉంది. ఇలాంటి చిన్న టెస్టులు బోర్డు లేకుండా మామూలు కంప్యూటర్ మీదే నడుస్తాయి. టైమ్ లేదు, ఖర్చు ఎక్కువ అనే సాకులు వినకండి.

వీలైతే అగ్రిమెంట్‌లోనే ఒక వాక్యం పెట్టించండి: డీబగ్ అవుట్‌పుట్‌కి ఏది కొత్తగా చేర్చినా దాని టెస్టు కూడా అదే ప్యాచ్‌లో (కోడ్ మార్పులో) రావాలి. మా తర్వాతి ఆర్డర్‌లో ఇది పెట్టాం. మొదట్లో నసిగారు గానీ చివరికి సంతకం పెట్టారు.

ఇప్పటికే ఇలాంటి బోర్డు వాడుతున్నవాళ్లు ఈరోజే ఒక పని చేయండి. కంపెనీ సొంత ఫార్మాట్‌తో వచ్చే ఒక అడ్రస్ తీసుకుని, పక్కనే మామూలు ఫార్మాట్‌తో రాయించి రెండూ పోల్చండి. భౌతిక అడ్రస్ కోసం కెర్నల్‌లో ప్రత్యేకంగా ఉన్న ఫార్మాట్ వాడాలి. 4.15 నుంచి కెర్నళ్లలో ఉత్త పర్సెంట్ పి వాడితే అసలు విలువకి బదులు హ్యాష్ చేసిన, అంటే అసలు అడ్రస్ తెలియకుండా మార్చేసిన, అంకె వస్తుంది, దాన్ని చూసి మళ్లీ కంగారు పడతారు. మేం రాసిన టెస్టులు, రెండు తప్పులకీ ప్యాచ్‌లు కంపెనీకి పంపి చాలా రోజులైంది. తీసుకున్నాం అన్నారు. కానీ నిన్న వాళ్ల డౌన్‌లోడ్ పేజీ నుంచి దించి చూసిన కొత్త ఇమేజ్‌లో (బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైలు) బఫర్ అడ్రస్ ఇంకా 80000000 అనే వస్తోంది.