ఒకే ఊళ్లో ఇద్దరు: ఔరంగజేబు, తానీషా

గోల్కొండను గెలిచినవాడూ, పోగొట్టుకున్నవాడూ చివరికి చేరింది ఒక్క ఊరికే, మహారాష్ట్రలో దౌలతాబాద్ కోట దగ్గరి ఖుల్దాబాద్‌కు.

ఔరంగజేబు 1707లో అహ్మద్‌నగర్‌లో చనిపోయాడు. 49 ఏళ్లు ఏలిన మనిషి సమాధికి పైకప్పు లేదు. సూఫీ గురువు జైనుద్దీన్ షిరాజీ దర్గా ఆవరణలో, మట్టి నింపిన చోట ఓ చిన్న మొక్క, అంతే. చుట్టూ కనిపించే పాలరాతి జాలీ ఇరవయ్యో శతాబ్దంలో పెట్టించింది. టోపీలు కుట్టి సంపాదించిన డబ్బుతోనే సమాధి కట్టమన్నాడని చెప్పుకుంటారు.

తానీషాది ఇంకో రకం. మనకు ఆయన పేరు చెప్పగానే చెరసాలలోని రామదాసు గుర్తొస్తాడు. విచిత్రంగా, తర్వాత ఆయనకూ చెరసాలే రాసిపెట్టి ఉంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడిపోతే, దౌలతాబాద్ కోటలోని చీనీ మహల్లో బందీగా పెట్టారు. అక్కడే పోయాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల గుమ్మటాల మధ్య తిరిగితే ఆఖరి సుల్తాను మాత్రం కనిపించడు.

ఔరంగజేబు నిరాడంబరత తను కోరుకున్నది. తానీషాకు ఆ అవకాశమే లేదు. నన్నడిగితే, ఖుల్దాబాద్ వెళ్లే తెలుగువాళ్లు ముందు వెతకాల్సింది తానీషా సమాధినే.