యాంప్‌ల మధ్య సందు వదలాలా, మూసెయ్యాలా?

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, సౌండ్ సర్వీస్ కుర్రాళ్ల నుంచి మళ్లీ అదే ప్రశ్న. "అన్నా, ర్యాక్‌లో యాంప్‌ల మధ్య ఒక యూ వదలాలా, ఆనించి బిగించాలా?" (యాంప్ అంటే స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్. ర్యాక్ అంటే వాటిని ఒకదానిమీద ఒకటి బిగించే చట్రం. యూ అంటే అందులో ఎత్తు కొలత, ఒక యూ దాదాపు 44 మిల్లీమీటర్లు.) వదలమనేవాళ్లు గాలి ఆడాలి కదా అంటారు. బిగించమనేవాళ్లు ర్యాక్ చిన్నదవుతుంది, బండిలో చోటు మిగులుతుంది అంటారు. నేనైతే ముందు యాంప్‌లోకి గాలి ఎటునుంచి వెళ్లి ఎటు బయటికొస్తోందో చూస్తాను. మిగతావన్నీ ఆ తర్వాతే.

లోపల ఫ్యాన్ లేకుండా పైమూతకి చిల్లులుండే యాంప్‌ల సంగతి తేలిక. ఇళ్లలో వాడే ఏవీ రిసీవర్లు, గుళ్లలో బళ్లలో మైకు కోసం పెట్టే చిన్న మిక్సర్ యాంప్‌లు చాలావరకు ఇలాంటివే. వీటిలో వేడెక్కిన గాలి తనంతట తానే పైకి పోవాలి. మూడింటిని ఆనించి పేరిస్తే కింది రెండింటి సెగా పైదానికే తగులుతుంది. అందుకే పైన కనీసం ఒక యూ వదిలి, ఆ చోట చిల్లుల ప్యానెల్ బిగించాలి. రెండు వదిలితే ఇంకా మంచిది. ఇక్కడ సందుదే గెలుపు.

ఫ్యాన్ ఉన్న పవర్ యాంప్‌ల దగ్గర లెక్క తిరగబడుతుంది. ముందు నుంచి పీల్చి వెనక్కి ఊదే యాంప్‌లు రెండు పెట్టి, మధ్యలో 44 మిల్లీమీటర్ల సందు తెరిచి వదిలామనుకోండి. వెనక పోగుపడ్డ వేడి గాలికి ముందుకు రావడానికి అంతకన్నా దగ్గరి దారి దొరకదు. ముందు ఫ్యాన్ పీలుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ గాలే మళ్లీ యాంప్‌లోకి వెళ్తుంది. ఫ్యాన్ ఫుల్ స్పీడులో అరుస్తున్నా హీట్‌సింక్ (లోపలి వేడిని లాగి గాలికి వదిలే లోహపు ముక్క) చల్లబడదు. చాలా యాంప్‌ల మాన్యువళ్లలో చుట్టూ ఉండే గాలికి 40 డిగ్రీలే హద్దు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో షామియానా కింద ఆ హద్దు ముందే దాటిపోతుంది. దానికి మరో ఐదారు డిగ్రీలు మనమే కలిపితే సరిగ్గా బరాత్ మధ్యలో ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంది, అంటే వేడి తట్టుకోలేక యాంప్ తనంతట తానే సౌండ్ ఆపేస్తుంది. అందుకే ఇలాంటి యాంప్‌లను ఆనించి బిగించడమో, సందు ఉంటే బ్లాంక్ ప్యానెల్‌తో (చిల్లుల్లేని పలకతో) మూసెయ్యడమో మేలు. డేటా సెంటర్లలో సర్వర్ ర్యాకుల ఖాళీలను మూసేదీ ఇందుకే.

అయితే అన్ని కంపెనీలూ గాలిని ఒకే దిక్కుకి పంపవు. క్రౌన్ కంపెనీ ఎక్స్‌టీఐ యాంప్ ముందు నుంచి వెనక్కి పంపుతుంది. క్యూఎస్‌సీ కంపెనీ ఆర్‌ఎంఎక్స్ వెనక నుంచి తీసుకుని ముందుకు ఊదుతుంది. ఈ రెంటినీ ఒకే ర్యాకులో పక్కపక్కనే పెడితే ఒకటి వదిలింది ఇంకోటి పీలుస్తుంది. అప్పుడు సందు వదిలినా మూసినా పెద్దగా ఒరిగేది లేదు, ర్యాకులే వేరు చెయ్యాలి. మాన్యువల్ దొరక్కపోతే ఒక అగరుబత్తి వెలిగించి ముందు గ్రిల్ దగ్గర పట్టుకోండి, పొగే చెబుతుంది. (పూజ కూడా అయిపోయినట్టే.) పక్కల నుంచి పీల్చే మోడళ్లకైతే ర్యాక్ గోడకీ యాంప్‌కీ మధ్య ఎంత చోటుందో చూడాలి.

సందు గురించి ఇంత వాదించుకునేవాళ్లే ఫ్లైట్ కేస్ (ర్యాకుని మోసుకెళ్లే గట్టి పెట్టె) వెనక మూత తియ్యకుండా షో నడిపేస్తారు. లేదా ర్యాకుని గోడకి ఆనిస్తారు, డెకరేషన్ వాళ్లు వచ్చి దానిమీద పరదా కప్పేస్తారు. 500 వాట్ల వేడిని పది డిగ్రీల తేడాతో బయటికి పంపాలంటే నిమిషానికి సుమారు 90 ఘనపుటడుగుల గాలి కదలాలి. అంత గాలి పరదాలోంచి పోదు. వెనక కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాల్సిందే.

ర్యాక్ పైన అదనంగా ఫ్యాన్ పెట్టుకోవచ్చా అంటే, ఫ్యాన్ లేని యాంప్‌లు మూతబడ్డ కప్‌బోర్డులో ఉన్నప్పుడు పెట్టుకోండి. ఫ్యాన్ యాంప్‌లకి దానివల్ల దక్కేది తక్కువ. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ డబ్బామీద రాసిన గాలి లెక్క ఏ అడ్డూ లేనప్పటిది. గ్రిల్, ఫిల్టర్ తగిలిస్తే తగ్గిపోతుంది. పైగా దగ్గర్లో ఏ కన్నం ఉంటే అక్కడి గాలే లాక్కుంటుంది, కింది యాంప్ దాకా పోదు.

క్లాస్ డీ యాంప్‌లకి, అంటే ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పనిచేసే రకానికి మారితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. వాటిలో వేడిగా పోయే కరెంటు, పాత పద్ధతి క్లాస్ ఏబీ యాంప్‌లతో పోలిస్తే బాగా తక్కువ. కానీ చేతిలో ఉన్న పాత యాంప్‌లు పనిచేస్తుంటే వేడి కోసమని మార్చమని నేను చెప్పను. ముందు ఫ్యాన్ ముందున్న ఫోమ్ తీసి కడిగి, బాగా ఆరనిచ్చి పెట్టండి. రెండు ఊరేగింపులు తిరిగొచ్చిన ఫోమ్‌లో ఎంత దుమ్ముంటుందో చూస్తే సందు మాట మళ్లీ ఎత్తరు.