ఒకే పలకలో ఐదు నాణేలు: ఏడేళ్ల తరువాత

ఐదు నాణేల్లో అతి తక్కువ విలువ ఉన్నదే నన్ను ఇంతగా బాధపెడుతుందని ఏడేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాడిని కాదు. నాది 1961 నాటి అమెరికా ప్రూఫ్ సెట్టు, అంటే సేకరణకర్తల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టిన నాణేల సెట్టు. సెంటు, నికెల్ (5 సెంట్లు), డైమ్ (10 సెంట్లు), క్వార్టర్ (25 సెంట్లు), ఫ్రాంక్లిన్ బొమ్మ ఉన్న హాఫ్ డాలర్ (50 సెంట్లు). వాటిని విడివిడిగా కాకుండా ఒకే పెద్ద పలకలో గ్రేడింగ్ చేయించి సీలు వేయించాను. గ్రేడింగ్ అంటే ఒక సంస్థ నాణెం స్థితిని పరిశీలించి అంకె ఇవ్వడం, స్లాబ్ అంటే ఆ నాణేన్ని లేబుల్‌తో సహా సీలు వేసే గట్టి ప్లాస్టిక్ పలక. సెట్టు మొత్తాన్ని ఒకే పలకలో బిగించే ఏర్పాటు గురించే నేను చెప్పదలచుకున్నాను.

ముందు సంతోషం గురించి చెప్పాలి, ఎందుకంటే అది నిజమైన సంతోషమే. పలక చేతికి వచ్చిన కొత్తలో ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాను. విడివిడి స్లాబ్‌లలో ఉన్న సెట్లు నేను చాలా చూశాను. ఐదింటినీ బల్ల మీద వరసగా పేర్చినా అవి ఐదు నాణేలుగానే కనిపిస్తాయి, సెట్టుగా కనిపించవు. ఒకే చట్రంలో ఉన్నప్పుడు మాత్రం చూపు సెంటు ఎరుపు దగ్గర మొదలై, నికెల్ బూడిద తెలుపు మీదుగా వెండిలోకి వెళ్లి ఆగుతుంది. ఆ ఏడాది డైమ్, క్వార్టర్, హాఫ్ డాలర్‌లలో 90 శాతం వెండి ఉంది. నికెల్ అని పిలిచే ఐదు సెంట్ల నాణెంలో మూడు వంతులు రాగి, ఒక వంతే నికెల్. సెంటులో 95 శాతం రాగి. ఈ మెరుపుల్లో తేడా పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. టంకశాల వాళ్లు కూడా ఐదింటినీ ఒకే మెత్తని ప్లాస్టిక్ ప్యాకెట్‌లో పక్కపక్కనే ఉంచి అమ్మారు. వాటిని విడదీయకూడదన్న నా పట్టుదలకు కారణం అదే.

నేను ఎదురుచూడని ఆనందం హాఫ్ డాలర్ ఇచ్చింది. లేబుల్ మీద దాని గ్రేడు పక్కన "కేమియో" అని వచ్చింది, అంటే మెరిసే నేపథ్యం మీద బొమ్మ తెల్లగా తేలుతోందని. ఆ రోజుల్లో కొత్త డైతో (నాణెం మీద బొమ్మను ముద్రించే అచ్చుతో) కొట్టిన మొదటి కొన్ని నాణేల మీదే బొమ్మకు మంచు పట్టినట్టు తెల్లని మసక వచ్చేది. కొడుతున్నకొద్దీ డై నున్నబడి, బొమ్మ కూడా నేపథ్యంలాగే మెరిసిపోయేది. అందుకే ఆ ఏడాది 30 లక్షలకు పైగా ప్రూఫ్ సెట్లు తయారైనా, అద్దం లాంటి నేపథ్యం మీద తెల్లగా తేలే ఫ్రాంక్లిన్ తక్కువగానే దొరుకుతాడు. ప్యాకెట్‌లో ఉండగా పొర మబ్బు వల్ల నాకు అది కనిపించలేదు. గ్రేడింగ్ చేసినవాళ్ల కన్నుకు కనిపించింది. అందుకు వాళ్లకు ఇప్పటికీ కృతజ్ఞుడినే.

పలక వచ్చిన మొదటి నెలలో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో "ఇక ఈ నాణేలకు ఏమీ కాదు" అన్నాను. ఆ వాక్యాన్ని ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

నాలుగో ఏడు మొదట్లో ఒక సాయంత్రం దీపం కింద పలకను అటూ ఇటూ తిప్పుతున్నాను. సెంటు మీద, లింకన్ నుదుటికి ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో, నల్లని చుక్క కనిపించింది. పలక పైన పడ్డ దుమ్ము అనుకుని మెత్తని గుడ్డతో తుడిచాను. పోలేదు. దీపం దిశ మార్చి చూశాను. చుక్క నీడ పలక మీద పడలేదు, నాణెం మీదే ఉంది. పది రెట్లు పెంచి చూపే భూతద్దం తెచ్చి చూస్తే సందేహం తీరిపోయింది. ఆవగింజలో పదో వంతు కూడా లేని నల్లని మచ్చ, దాని చుట్టూ సన్నని గోధుమరంగు వలయం. వెండి మీద ఇలాంటిది వస్తే ఇంతగా కలవరపడేవాడిని కాదు. అద్దంలా మెరిసే ఎర్రని రాగి మీద మాత్రం కన్ను మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది.

పలక వచ్చిన రోజున తీసిన ఫొటోలు కంప్యూటర్‌లో ఉన్నాయి. వాటిని వెతికి, అదే చోటును పెద్దది చేసి చూశాను. చుక్క లేదు. కానీ అక్కడ ఏదో ఉంది, చూడాలని చూస్తే తప్ప కనిపించనంత లేత గుండ్రని మరక. గ్రేడింగ్ చేసినవాళ్లు దాన్ని చూసి పట్టించుకోలేదో, అసలు చూడనే లేదో నేను చెప్పలేను. సీలు వేసిన తరువాత బయటి నుంచి ఏదీ వచ్చి దాని మీద పడలేదన్నది మాత్రం నాకు స్పష్టం. విత్తనం ముందే పడింది. మొలవడానికి మూడేళ్లు పట్టింది.

ఆ విత్తనం ఎప్పుడు పడి ఉంటుందన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు. గ్రేడింగ్‌కు పంపే ముందు ప్యాకెట్‌ను నేనే కత్తిరించాను. చేతులు కడుక్కున్నాను, నాణేలను అంచులతోనే పట్టుకున్నాను, నాణేలకు హాని చేసే పీవీసీ ప్లాస్టిక్ లేని కవర్లలో ఒక్కొక్కటే జార్చాను. కానీ ఆ పని చేస్తూ పక్కనున్న వ్యక్తితో మాట్లాడుతూనే ఉన్నాను. మాట్లాడేటప్పుడు నోటి నుంచి పడే కంటికి కనిపించని తుంపర ఒక్కటి చాలు, ఏళ్లు గడిచాక రాగి మీద అది నల్లని చుక్కగా తేలుతుంది. నాణేల మీద మాట్లాడకూడదని పాత సేకరణకర్తలు పదేపదే చెప్పేది అందుకే. నా వల్లే జరిగిందని రుజువు లేదు, జరగలేదనీ రుజువు లేదు. అప్పటి నుంచి ఏ నాణెం పైకి తీసినా నోరు మూసుకునే తీస్తాను.

గ్రేడింగ్ చేసిన సంస్థకు రాశాను. సమాధానం మర్యాదగానే వచ్చింది, త్వరగానే వచ్చింది. సీలు వేసిన తరువాత రాగి నాణేల రంగులో వచ్చే మార్పులకు, మచ్చలకు తమ హామీ వర్తించదని, ఆ మాట నిబంధనల్లో ఉందని చెప్పారు. తీసి చూస్తే ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టాను. అంతవరకు వాళ్ల తప్పు లేదు. నాణేలకు వాడే లోహాల్లో రాగి చురుకైనది. గాలి, తేమ, గంధకం దేనితోనైనా కలుస్తుంది. పదేళ్ల తరువాత దాని రంగు ఎలా ఉంటుందో ఎవరూ పూచీ పడలేరు. అది నేను ఒప్పుకుంటాను.

నాకు మింగుడుపడనిది ఆ తరువాతి సంగతి. ఆ ఒక్క సెంటును బయటికి తీసి శుభ్రం చేయించడం కుదురుతుందా అని అడిగాను. కుదురుతుంది, కానీ పలక మొత్తాన్ని పగలగొట్టాలి. పగలగొట్టిన క్షణాన ఐదు నాణేల గ్రేడ్లూ రద్దవుతాయి. ఐదింటినీ మళ్లీ కొత్తగా పరిశీలించి, ఐదింటికీ మళ్లీ రుసుము తీసుకుని, కొత్త పలకలో పెడతారు. ఈసారి హాఫ్ డాలర్‌కు కేమియో అన్న మాట వస్తుందని హామీ ఇవ్వలేరు, ఎందుకంటే దాన్ని చూసేది మరో కళ్లజత. కేమియోకూ మామూలు ప్రూఫ్‌కూ మధ్య గీత ఎక్కడుందన్న విషయంలో అనుభవజ్ఞులే ఒకరితో ఒకరు ఏకీభవించరు. మచ్చ పడిన సెంటును కాపాడాలంటే మచ్చలేని హాఫ్ డాలర్‌ను పందెం కాయాలి. విడివిడి స్లాబ్‌లలో పెట్టించి ఉంటే ఒక్క సెంటు పలకనే పగలగొట్టేవాడిని, మిగిలిన నాలుగూ కదిలేవి కావు. ఐదింటినీ కలిపి ఉంచాలన్న నా కోరికే నా చేతులు కట్టేసింది.

ఈ బాధలో ఉండగానే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. నాణేల గ్రేడుకు మనం వాడే ఈ డెబ్బై పాయింట్ల కొలమానం పుట్టిందే రాగి నాణేల కోసం. 1949లో నాణేల సేకరణకర్త విలియం షెల్డన్ అమెరికా తొలినాటి పెద్ద సెంట్ల స్థితిని, ధరను కలిపి చెప్పడానికి దాన్ని రూపొందించారు. ఫలానా రకమని గుర్తుపట్టగలిగేంత మాత్రమే మిగిలిన నాణెం 1. లోపమే లేనిది 70, దాని ధర మొదటిదానికి డెబ్బై రెట్లన్నది ఆయన లెక్క. ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు నిలిచాయి. నా సెంటుకు ఆ అంకెల్లో 67, పక్కన ఎరుపు రంగని గుర్తు. ఇప్పుడు చుక్క చుట్టూ ఆ ఎరుపు గోధుమరంగుకు తిరుగుతోంది, లేబుల్ మాత్రం ఎరుపనే అంటోంది. నాణెం ఒకటి, లేబుల్ ఒకటి చెబుతున్నప్పుడు అడిగినవాళ్లకు చుక్కను నేనే ముందుగా చూపిస్తాను.

పలక అన్నిటి నుంచీ రక్షిస్తుందని మొదట్లో నేను నమ్మాను. ఇప్పుడైతే, వేళ్ల నుంచి, గీతల నుంచి, కింద పడటం నుంచి రక్షిస్తుందని అంటాను. అందులో నాకు అనుమానమే లేదు, ఈ ఏడేళ్లలో వెండి నాణేల మీద ఒక్క కొత్త గీత కూడా లేదు. కానీ గాలిని అది ఆపదు. పలక అంచులను ఎంత గట్టిగా అతికించినా లోపలికి గాలి, దానితోపాటు తేమ నెమ్మదిగా వెళ్తూనే ఉంటాయి. డైమ్ అంచున సన్నని బంగారు రంగు ఛాయ తేలింది. అది నాకు ఇష్టమే, అయినా అదీ గాలి చేసిన పనే. చుక్క కనిపించినప్పటి నుంచి పలకను సిలికా జెల్ సంచులతో మూతబిగిసిన డబ్బాలో పెడుతున్నాను, సంచులు తేమ పీల్చుకున్నాయనిపించగానే మారుస్తున్నాను. గత రెండేళ్లలో చుక్క పెరగలేదు. ఆరు నెలలకు ఒకసారి అదే దీపం కింద, అదే కోణంలో ఫొటో తీసి పోల్చుకుంటాను.

చిన్న ఇబ్బందులు రెండు. మామూలు స్లాబ్‌లు పట్టే పెట్టెల్లో ఈ పెద్ద పలక పట్టదు. దానికి వేరే డబ్బా వెతుక్కోవాలి, ఆ డబ్బా మిగిలినవాటి పక్కన ఎప్పుడూ వేరుగానే ఉంటుంది. లేబుల్ మీద ఐదు గ్రేడ్లను ఇరికించడానికి అక్షరాలు ఎంత చిన్నవి చేశారంటే, కళ్లద్దాలు పెట్టుకున్నా నేను దీపం దగ్గరికి జరగాలి. ఇవి మనసుకు పట్టేవి కావు.

మీరు పంపాలా వద్దా అంటే నేను సూటిగా చెప్పలేను. నేను ఈ సెట్టును అమ్మను. అమ్మే ఆలోచన ఉంటే, ఐదింటిలో ఒక్కటి మాత్రమే మంచి గ్రేడు పొందినా దాన్ని విడదీయలేనన్న లెక్క నాకు మొదటే తట్టేది. సెట్టులో అన్నీ వెండివే ఉంటే ఈ ఏర్పాటును వెనకాడకుండా మళ్లీ ఎంచుకుంటాను. రాగి ఉంటే, అందులోనూ ఎర్రగా మెరిసే రాగి ఉంటే, ప్యాకెట్ తెరవక ముందే దాన్ని భూతద్దం కింద చాలాసేపు చూస్తాను, చూసి ఆగుతాను. చేతికి తీసుకుని చూసుకోవడమే ముఖ్యమనుకునేవారికి ఇప్పటికీ ఇంతకంటే అందమైన ఏర్పాటు నేను చూడలేదు, చుక్కతో సహా.

నా దగ్గర 1962 సెట్టు కూడా ఉంది. టంకశాల ప్యాకెట్‌లోనే, పొర కొంచెం మబ్బుగా, ఐదు నాణేలూ పక్కపక్కనే. దాని హాఫ్ డాలర్ కూడా తెల్లగానే అనిపిస్తుంది, కానీ ఆ మబ్బు వల్ల తేల్చుకోలేను. గ్రేడింగ్ ఫారం నింపి రెండేళ్లయింది. కత్తెర ఇంకా పట్టుకోలేదు.